మోటారు చప్పుడు వినపడని రోజు: నా మొదటి కేస్ రిపోర్ట్

2023 అక్టోబరులో, వానలు తగ్గుముఖం పట్టిన వారంలో, నలభై దాటిన ఒక వ్యవసాయ కూలీని జ్వరంతో మా మెడిసిన్ వార్డుకు తీసుకొచ్చారు. 8 రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి, ప్లేట్‌లెట్లు తక్కువ. రాత్రి డ్యూటీలో నేనున్నాను. పేరు అడిగాను, ఊరు అడిగాను, ఎక్కడ నొప్పి అని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసింది గాని ఒక్క మాటా చెప్పలేదు. వివరాలన్నీ భర్తను అడిగి రాసుకుని, కేస్ షీట్‌లో ‘స్పృహ మందగించింది’ అని అర్థం వచ్చే రెండు ఇంగ్లిష్ మాటలు రాశాను. తర్వాత ఏడాది పాటు ఆ రెండు మాటలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మెదడువాపు కావచ్చని స్కాన్ తీయించాం, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపాం. రెండింటిలోనూ ఏమీ తేలలేదు. మూడో రోజు ఉదయం ఆమె ఒళ్లు తుడుస్తున్న స్టాఫ్ నర్సు, ఎడమ రొమ్ము కింది మడతలో నల్లటి పెచ్చు ఒకటి చూసి నన్ను పిలిచింది. సిగరెట్ ఆనించి ఆర్పినట్టుండే ఆ మచ్చను ఎస్చార్ అంటారు. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే సూక్ష్మమైన పురుగు కుట్టిన చోట అది ఏర్పడుతుంది. నొప్పి పుట్టదు, దురద పెట్టదు. చంకలోనో గజ్జల్లోనో మొలతాడు కిందనో దాగి ఉంటుంది కనుక, వెతికిన వాళ్లకే కనిపిస్తుంది. ఆ పురుగు వల్ల సోకే స్క్రబ్ టైఫస్ జ్వరం అని అనుకుని డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఐజీఎం ఎలైజా పరీక్ష ఆ తర్వాత వచ్చి అదే నిర్ధారించింది.

జ్వరం దిగిన రోజు ఆమె నోరు విప్పింది. వార్డంతా వినపడేంత గట్టిగా అన్నది: “డాక్టరమ్మా, నాకు చెవులు వినపడటం లేదు.”

ఈఎన్‌టీ విభాగం వాళ్లు చేసిన ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షలో రెండు చెవులకూ నరానికి సంబంధించిన వినికిడి లోపం కనిపించింది. అంటే మొదటి రాత్రి కూడా ఆమె పూర్తి స్పృహలోనే ఉంది. నా ప్రశ్నలు మాత్రం ఆమెకు చేరలేదు.

దీన్ని కేస్ రిపోర్ట్‌గా, అంటే ఒక రోగికి జరిగింది వివరించే వ్యాసంగా రాసి వైద్య జర్నల్‌కు పంపమని మా ప్రొఫెసర్ గారు చెప్పారు. మాకు వర్తించిన నిబంధనల ప్రకారం పీజీలో ఒక పోస్టరు, సదస్సులో ఒక పత్ర సమర్పణ, ప్రచురణకు పంపిన ఒక వ్యాసం ఉండాలి. ఆ లెక్క పూర్తవుతుందన్న ఆశ నాకు లేకపోలేదు. రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని చదివితే ముందు నిరాశే కలిగింది. స్క్రబ్ టైఫస్‌లో చెవులు వినపడకపోవడం కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దు అడవుల్లో వేలమంది సైనికులకు ఈ జ్వరం వచ్చింది, వైద్యులు దాని లక్షణాలను అప్పుడే వివరంగా రాశారు. తెలిసిన విషయాన్నే మళ్లీ రాస్తే ఏ జర్నల్ వేసుకుంటుంది?

ఇదే మాట ప్రొఫెసర్ గారితో అన్నాను. ఆయన ఒక ప్రశ్న వేశారు: “ఇది చదివిన డాక్టరు రేపు తన వార్డులో ఏ పని వేరుగా చేస్తాడు? అది ఒక్క వాక్యంలో చెప్పు.”

ఆ వాక్యం కోసం నాలుగు రోజులు పట్టింది. చివరికి ఇలా వచ్చింది: జ్వరంతో వచ్చిన మనిషి పలకకపోతే, స్పృహ లేదని రాసే ముందు చెవులు వినపడుతున్నాయా అని చూడాలి. ఇప్పటికీ నా వ్యాసంలో పనికొచ్చే మాట అదొక్కటే అనుకుంటాను. మిగిలినదంతా దానికి ఆధారం చూపడం కోసం రాసిందే.

అయితే ఆ మాట చెప్పాలంటే మేం పొరబడ్డామని అచ్చులో ఒప్పుకోవాలి. నా మొదటి ముసాయిదాలో ఆ ధైర్యం లేదు. ‘జ్వరంతోనూ వినికిడి లోపంతోనూ ఆస్పత్రిలో చేరిన మహిళ’ అని మొదలుపెట్టాను. ఐదో రోజున తెలిసిన సంగతిని మొదటి రోజే తెలిసినట్టు రాశాను. ప్రొఫెసర్ గారు ఎర్ర సిరాతో ఆ వాక్యం చుట్టూ గీసి, పక్కన రాశారు: ‘మనం అన్ని రోజులు తప్పుగా అనుకున్న సంగతి ఎక్కడ?’ అది చదివి సిగ్గుపడ్డాను. ఆ రాత్రే మొత్తం తీసేసి, జరిగింది జరిగిన వరుసలో రాశాను. కేస్ రిపోర్ట్ రాయబోయే పీజీలకు నేను మొదట చెప్పేది ఇదే: కేస్ షీట్ ముందు పెట్టుకుని, ఏ రోజు మీకు ఏం తెలుసో అంతే రాయండి. చివరి పేజీలో తెలిసిన జవాబును మొదటి పేజీలోకి తేవద్దు.

కేస్ రిపోర్టులకు 2013లో వెలువడిన కేర్ మార్గదర్శకాలు ఉన్నాయి. చాలా జర్నళ్లు వాటి పట్టికను నింపి పంపమంటాయి. ఏ అంశం మీ వ్యాసంలో ఏ పేజీలో ఉందో ఎదురుగా రాయాలి. తేదీల వరుస ఉందా, ఇతర జబ్బులు ఎందుకు కావనుకున్నారో చెప్పారా, చికిత్స తర్వాత ఎన్నాళ్లు చూశారు అని అడుగుతుంది. చివర్లో రెండు అంశాల దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఒకటి రోగి అంగీకారం. రెండోది రోగి దృక్కోణం, అంటే తనకు జరిగినదాని గురించి రోగి తన మాటల్లో చెప్పింది.

ఆస్పత్రిలో చేరేటప్పుడు తీసుకున్న సంతకం చికిత్సకు మాత్రమే. ప్రచురణకు విడిగా అంగీకారం కావాలి, అదీ జర్నల్ ఇచ్చిన ఫారం మీదే. ఫారం ఇంగ్లిష్‌లో ఉంది. ఆమెకు చదువు రాదు. దాన్ని తెలుగులోకి మార్చి, దానితో సంబంధం లేని ఇంకొక పీజీకి ఇచ్చి తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చమన్నాను. ఒక వాక్యం తేడా వచ్చింది. ‘పేరు వేయం, అయినా ఎవరూ గుర్తుపట్టరని పూర్తిగా హామీ ఇవ్వలేం’ అని మూలంలో ఉంటే, నా తెలుగులో ‘ఎవరూ గుర్తుపట్టరు’ అన్నట్టు పడింది. దిద్దుకున్నాను. ఆ తేడా నాకు చిన్నదిగా తోచలేదు. ఆమె తెలుసుకోవలసింది సరిగ్గా ఆ సంగతే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టారు. ఆమెకు చెవులు బాగా మెరుగయ్యాయి. కాస్త గట్టిగా మాట్లాడితే చాలు. ఫారం మొత్తం చదివి వినిపించాను. ఆమె ఒక్కటే అడిగింది: “నా ఒంటి ఫొటో వేస్తారంటున్నారు, మా ఊరివాళ్లు చూస్తే నేనేనని తెలుస్తుందా?” ఫోన్లో ఆ ఫొటో చూపించాను. పెచ్చు, దాని చుట్టూ అంగుళం చర్మం మాత్రమే ఉండేలా అక్కడే కత్తిరించి మళ్లీ చూపించాను. చాలాసేపు చూసి, సరేనంది. చదవడం వచ్చిన పక్కింటి అమ్మాయి సాక్షిగా వేలిముద్ర వేసింది. ముఖం ఉన్న ఫొటోల్లో కళ్ల మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది చాలదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం స్పష్టంగానే చెప్పింది.

తర్వాత, మొదటి రాత్రి మీకు ఏమనిపించిందని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసుకున్నాను: “మీ పెదవులు కదులుతున్నాయి. ఏదో అడుగుతున్నారని తెలుస్తోంది. బావిలో తల పెట్టినట్టు లోపలంతా హోరు. మా ఆయనతో మీరు మాట్లాడుతుంటే మీ ముఖాలు చూసి, నాకు మతి పోయిందనుకుంటున్నారని అర్థమైంది. భయమేసి ఇంక నోరు తెరవలేదు.”

తిరుగు బస్సులో ఆ కాగితం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. నేను రాసిన వెయ్యి మాటల కంటే ఆ ఐదు వాక్యాల్లో ఎక్కువ వైద్యం ఉందనిపించింది.

ఎవరి పేర్లు వేయాలన్నది తర్వాతి చిక్కు. పైన చెప్పిన సంపాదకుల సంఘమే రచయిత కావడానికి నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాయడంలోనో విమర్శనాత్మకంగా సరిదిద్దడంలోనో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, రాసినదానికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉంటేనే రచయిత. నేను, మా ప్రొఫెసర్ గారు, ఆడియోగ్రామ్ వివరించి ఆ భాగం రాసిన ఈఎన్‌టీ డాక్టరు. లెక్క ముగ్గురి దగ్గర ఆగింది. వ్యాసం చూడనైనా చూడని ఒక పెద్దాయన పేరు కూడా వేయాలని మరో వైపు నుంచి సూచన వచ్చింది. ప్రొఫెసర్ గారు మర్యాదగా కాదన్నారు. పేరు బహుమతిగా ఇస్తే, రేపు వ్యాసంలో తప్పు దొరికినప్పుడు ఆ బాధ్యత కూడా బహుమతిగా ఇచ్చినట్టేనన్నారు.

నాకు బాధ కలిగించింది సిస్టర్ విషయం. ఆమె ఆ పెచ్చు చూడకపోతే ఈ కేసే లేదు. నాలుగు షరతుల ప్రకారం ఆమె రచయిత కాదు. కృతజ్ఞతల్లో ‘ఒళ్లు తుడుస్తూ ఎస్చార్‌ను మొదట గుర్తించిన స్టాఫ్ నర్సు’ అని ఆమె చేసిన పని పేర్కొని పేరు వేశాం. అందుకూ ఆమె నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. సంతకం పెడుతూ ఆమె, ఇన్నేళ్ల ఉద్యోగంలో తన పేరు అచ్చులో రావడం ఇదే మొదటిసారి అంది. కేస్ రిపోర్టుల కృతజ్ఞతల్లో నర్సుల పేర్లు ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తాయో మన పెద్ద ఆస్పత్రులన్నీ ఆలోచించాలి.

జర్నల్ ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. ‘గౌరవనీయులైన డాక్టర్ గారికి’ అంటూ, వారంలో ప్రచురిస్తామనీ కొన్ని వేల రూపాయలు చాలనీ చెప్పే ఉత్తరాలు పీజీలందరికీ వస్తాయి. సమీక్ష చేయకుండా డబ్బు పుచ్చుకుని అచ్చేసే పత్రికలు అవి. మనకు ఇది దూరపు సంగతి కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించిందని అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. నేను చూసుకున్నవి మామూలు విషయాలే: సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఆ పదవుల్లో ఉన్నారా, పాత సంచికలు తెరుచుకుంటున్నాయా, వైద్య వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో వెతికితే వ్యాసాలు దొరుకుతున్నాయా, రుసుము ఎంతో ముందే చెప్పారా. మా లైబ్రేరియన్ గారు పక్కన కూర్చుని ఒక మధ్యాహ్నమంతా ఇవన్నీ చూపించారు.

రెఫరెన్సుల దగ్గర నేనొక తప్పు చేయబోయాను. వినికిడి లోపం గురించిన ఒక వాక్యానికి, వేరే వ్యాసం చివరి జాబితాలోంచి ఒక రెఫరెన్సును ఎత్తి అతికించాను. మూలం తెరవలేదు. పంపే ముందు రోజు అనుమానం వచ్చి తెరిస్తే, అది స్క్రబ్ టైఫస్ గురించి కాదు, ఆ కోవకే చెందిన ఇంకో రికెట్సియా జ్వరం గురించి. నేను నమ్మి తీసుకున్న వ్యాసకర్త కూడా తెరిచి ఉండరు. అప్పటి నుంచి పూర్తి ప్రతి నా కంప్యూటర్‌లో లేని దాన్ని దేనినీ ఉదహరించడం లేదు. వాటిని వాంకూవర్ పద్ధతిలో, అంటే వ్యాసంలో వచ్చిన వరుసలో అంకెలు వేసి పేర్చాలి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది.

పంపిన రాత్రి నాలుగు గంటలు పట్టింది. పేర్లు, చిరునామాలు ఒక ఫైల్లో, పేర్లు లేని వ్యాసం మరో ఫైల్లో ఉండాలి. రచయితలెవరో సమీక్షకులకు తెలియకూడదు కనుక వ్యాసంలో ‘మా ఆస్పత్రి’ పేరు ఉండకూడదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో నా పేరు మిగిలిపోయిందని వ్యాసం తిరిగొచ్చింది. ఫొటో 300 డీపీఐ లేదని మళ్లీ తిరిగొచ్చింది. ఒకరి నుంచి ఒకరికి పంపుకోవడంలో ఫొటో చిన్నదైపోయింది. సిస్టర్ ఫోన్లో అసలు ఫొటో ఉండటం మా అదృష్టం. సారాంశం 150 మాటలు దాటిందని మూడోసారి వచ్చింది. ఓర్కిడ్ సంఖ్య (పరిశోధకులను గుర్తించే సంఖ్య), ప్రయోజన వైరుధ్యాలు లేవన్న ప్రకటన, రాయడానికి కృత్రిమ మేధను వాడారా అన్న ప్రశ్నకు జవాబు కూడా అడిగారు.

ఇంత చేశాక నాలుగో రోజున తిరస్కరించారు. కొత్తదనం చాలదని రెండు వాక్యాల ఉత్తరం. ఆ రోజు వార్డు రౌండ్లలో ఏం మాట్లాడానో గుర్తులేదు. ప్రొఫెసర్ గారు ఉత్తరం చదివి, సారాంశంలో మన ఒక్క వాక్యం ఎక్కడుందని అడిగారు. చూస్తే చివర్లో ఉంది. దాన్ని మొదటికి తెచ్చి, శీర్షికలోనూ ఆ అర్థం వచ్చేలా మార్చి, వారం తిరక్కుండా మరో జర్నల్‌కు పంపాం. ఒకేసారి రెండింటికి పంపకూడదు. ఒకచోట కాదన్నాకే ఇంకోచోటికి.

11 వారాలకు ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. మొదటివారు భాష గురించి, బొమ్మల గురించి రాశారు. రెండోవారు రెండు ప్రశ్నలు వేశారు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్‌తో పాటు అజిత్రోమైసిన్ కలిపి ఇస్తే మేలని 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో భారతీయ అధ్యయనం వచ్చింది కదా, మీరెందుకు ఇవ్వలేదన్నది మొదటిది. దానికి జవాబు దొరికింది. ఆ అధ్యయనం ఏదో ఒక అవయవం దెబ్బతిన్న రోగుల మీద. మా రోగికి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం బాగానే ఉన్నాయి, వెన్ను నీరూ మామూలుగానే ఉంది. కానీ నేను రాసిన ‘స్పృహ మందగించింది’ అన్న మాట నిజమై ఉంటే ఆమె తీవ్రమైన రోగుల కిందికే వచ్చేది. ఒక్క తప్పు మాట చికిత్స దాకా ఎలా పాకుతుందో నాకు అప్పుడు తెలిసింది.

రెండో ప్రశ్న చదివాక గుండె జారిపోయింది. ‘ఆస్పత్రికి రాకముందు ఆమెకు చెవి నరాన్ని దెబ్బతీసే ఇంజెక్షన్లేమైనా పడ్డాయా?’

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నట్టు కేస్ షీట్‌లో ఉంది. ఏ సూదులో లేదు. నేను అడగలేదు. అమికాసిన్ లాంటి మందు అయితే వినికిడి పోవడానికి అదే కారణం కావచ్చు. మా వ్యాసం పునాదే కదులుతుంది.

మళ్లీ బస్సు. ఆర్ఎంపీ మొదట మాట్లాడటానికి జంకాడు. ఫిర్యాదు చేయడానికి రాలేదని, ఆ మనిషికి ఏం జరిగిందో తెలుసుకోవాలని మాత్రమే వచ్చానని చెప్పి చాలాసేపు కూర్చున్నాను. చివరికి నోటు పుస్తకం తీశాడు. జ్వరం వచ్చిన ఆరో రోజున, ఏడో రోజున అమికాసిన్. నేను భయపడిందే జరిగింది.

ఆమె ఇంటికి వెళ్లి, చెవులు సరిగ్గా ఏ రోజు నుంచి వినపడలేదో గుర్తుందా అని అడిగాను. ఆమె తడుముకోలేదు.

“చేను దగ్గర బోరు మోటారు వేసిన రోజు. మా ఆయన స్విచ్ వేసినట్టున్నాడు, నేను గట్టు మీద కూర్చునే ఉన్నా. పైపులోంచి నీళ్లు పడుతుంటే చూశాను గాని మోటారు చప్పుడు లేదు. చప్పుడు లేకుండా నీళ్లెలా వస్తున్నాయా అనుకున్నా.”

భర్త అందుకున్నాడు: “ఎన్నిసార్లు పిలిచినా పలకలేదని ఆ రోజే కోప్పడ్డాను. ఆ మర్నాడు కాక ఎల్లుండి సూది వేయించాను.”

సూదికి రెండు రోజుల ముందే వినికిడి తగ్గింది. నేను ఫిబ్రవరిలోనే ఈ ప్రశ్న అడిగి ఉండవలసింది. ఆమె దగ్గర జవాబు ఎప్పుడూ ఉంది.

అయినా అమికాసిన్ పాత్ర లేదని తేల్చి రాయలేదు. వినికిడి చాలావరకు తిరిగి రావడం జ్వరం వైపే మొగ్గు చూపుతుంది, ఎందుకంటే ఆ మందు వల్ల పోయిన వినికిడి మామూలుగా తిరిగి రాదు. కానీ తర్వాతి ఆడియోగ్రామ్‌లో కీచుగా ఉండే పై స్థాయి శబ్దాల దగ్గర కొంత లోపం మిగిలింది, ఆ మందు ముందు దెబ్బతీసేది వాటినే. అందుకే జ్వరమే ముఖ్య కారణం కావచ్చు, మందు దాన్ని పెంచి ఉండవచ్చు, జ్వరానికి ముందు పరీక్ష లేదు, తేదీలు జ్ఞాపకం మీద ఆధారపడినవి అని పరిమితుల్లో రాశాం. శీర్షికలో ‘వల్ల’ అన్న అర్థమిచ్చే మాట తీసేసి ‘తో పాటు’ అని మార్చాం. సమీక్షకుల ప్రతి మాటనూ యథాతథంగా పెట్టి, దాని కింద మా జవాబు, వ్యాసంలో ఏ పేజీ ఏ వరుసలో మార్చామో రాసి పంపాం. ఉత్తరం వ్యాసమంత పొడవు వచ్చింది. ఆ రెండో సమీక్షకులెవరో నాకు తెలియదు, తెలిసే వీలూ లేదు. ఆ ఒక్క ప్రశ్నకు వారికి ఎంతో రుణపడి ఉన్నాను.

సెప్టెంబరులో అంగీకరించారు. అక్టోబరులో ప్రూఫు వచ్చింది. 48 గంటల్లో దిద్ది పంపాలి. డాక్సీసైక్లిన్ మోతాదును, సిస్టర్ పేరులోని అక్షరాలను మూడుసార్లు చూశాను. అంచున కాపీ ఎడిటర్ ప్రశ్న ఒకటి ఉంది: రోగి దృక్కోణంలో ‘బోరు మోటారు చప్పుడు’ అన్నారు, ఇది విదేశీ పాఠకులకు అర్థం కాదు, ‘యంత్రాల శబ్దం’ అని మార్చవచ్చా?

ఒప్పుకోలేదు. అవి ఆమె మాటలు, ఆమె అంగీకారం ఇచ్చింది ఆ మాటలకే అని రాశాను. పొలానికి నీళ్లు తోడే విద్యుత్ పంపు అని పక్కన ఒక చిన్న వివరణ చేర్చి, బోరు మోటారును అలాగే ఉంచమని కోరాను. ఉంచారు.